కోడిగుడ్డూ, గేదే, నేనూ

"మన ఊళ్ళోనే ఉండిపోతే ఎలా ఉంటుందంటావ్?" అని మావారు మొట్టమొదట అన్నది 2020లో, ఆ లాక్‌డౌన్ రోజుల్లో. అప్పుడు మేం హైదరాబాదు శివార్లలో, వనస్థలిపురం దాటాక ఒక కాలనీలో ఉండేవాళ్ళం. ఆయన ఆఫీసు పని ఇంట్లోంచే సాగిపోతోంది. "కంప్యూటరుకి శివారైతేనేం, పల్లెటూరైతేనేం?" అన్నారు. కంప్యూటరుకి తేడా లేదు, నిజమే. మనుషులకి ఉంటుందేమోనండీ అని నేను అనలేదు. అనకపోవడం నా తప్పు. అసలు ఈ వ్యాసమంతా ఆ తప్పు గురించే. కాస్త ఓపిక పట్టండి, చెబుతాను.

2021 సంక్రాంతి వెళ్ళాక లారీ మాట్లాడుకున్నాం. కృష్ణా జిల్లాలో కాలవ కింద ఊరు మాది. పెంకుటింట్లో అత్తయ్యగారు ఒక్కరే ఉంటున్నారు. నేను కాలనీ బళ్ళో చేస్తున్న టీచరు ఉద్యోగం మానేశాను. ఎనిమిదో క్లాసు చదివే పిల్లనీ, నాలుగో క్లాసు చదివే పిల్లాణ్ణీ వెంటబెట్టుకుని బయల్దేరాం. కాలనీలో ఆడవాళ్ళందరూ గేటు దాకా వచ్చి, "అదృష్టవంతురాలివమ్మా! ఇంటి పాలు, గడ్డ పెరుగు, కళ్ళు మూస్తే నిద్ర, తెరిస్తే పచ్చటి చేలు!" అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ఎందుకనుకున్నానంటే, నేను ఊరిని చూసి కాదు, కథలూ సినిమాలూ చూసి ఊరెళ్ళాను. ఇది నా ఒక్కదాని సంగతి కాదనుకుంటాను.

సినిమాల సంగతి ముందు చూద్దాం. 2015లో 'శ్రీమంతుడు' వచ్చింది. 2019లో 'మహర్షి' వచ్చింది. రెండింట్లోనూ డబ్బున్న కుర్రాడు ఊరికి వస్తాడు, ఊరిని ఉద్ధరిస్తాడు. చూడ్డానికి బాగానే ఉన్నాయి. మా ఇంట్లో అందరం రెండేసి సార్లు చూశాం కూడా. కానీ ఒక్క విషయం గమనించారా? ఆ ఇద్దరు నాయకులూ బ్రహ్మచారులే! పెళ్ళాన్నీ, యూనిఫారాలు ఉతకాల్సిన ఇద్దరు పిల్లల్నీ, మోకాళ్ళ నొప్పుల తల్లినీ పెట్టుకుని పల్లెకి మకాం మార్చిన కథానాయకుణ్ణి నేనింకా తెర మీద చూడలేదు. 2017లో వచ్చిన 'శతమానం భవతి'లో బలగమంతా ఊరికొస్తుంది. అయితే అది పండగకి. పండగ నాలుగు రోజులూ ఊరు ఎవరికైనా బాగానే ఉంటుంది. అయిదో రోజు అంట్లు ఎవరు తోమారో సినిమా చెప్పదు.

ఇక కథలకి వస్తే, మన ఆడవాళ్ళలో 'మిథునం' తెలియనివాళ్ళు తక్కువ. శ్రీరమణగారి కథ. బాపుగారికి ఎంత నచ్చిందంటే కథ మొత్తం తన అందమైన చేతిరాతతో రాసిపెట్టారు. 2000లో ఎం.టి. వాసుదేవన్ నాయర్ గారు దాన్ని మలయాళంలో సినిమా తీశారు. 2012లో తనికెళ్ళ భరణిగారు తెలుగులో తీశారు. తెర మీద బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి ఇద్దరే. పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయాక, పల్లెటూరి పెరట్లో అప్పదాసు, బుచ్చిలక్ష్మి ఇద్దరే ఉంటారు. కయ్యాలూ, కూరలూ, పచ్చళ్ళూ, పళ్ళూ, పువ్వులూ. మా లారీ ఎక్కిన సామానులో నిజంగా బరువైంది ఏదైనా ఉంటే ఈ కథే. మావారి బుర్రలోనూ అదే, నా బుర్రలోనూ అదే.

నేను 'మిథునం'ని తప్పు పట్టబోవడం లేదు. అప్పదాసు కూర్చుని తినే మనిషి కాడు, తోట పనీ గొడ్డు పనీ తన చేత్తో చేసుకుంటాడు. భార్యని ఉడికిస్తాడు, బుజ్జగిస్తాడు. అలాంటి మొగుడు దొరికితే చాలుననుకోని ఆడది ఉంటుందా? కానీ ఊరొచ్చి ఆర్నెల్లయ్యాక మళ్ళీ చదివితే, కథ చివర నాకు వేరేగా వినిపించింది. అప్పదాసు ముందు వెళ్ళిపోతాడు. బుచ్చిలక్ష్మి కోరుకున్నదీ అదే. తాను ముందు పోతే ఆయన్ని చూసేవాళ్ళెవరని ఆవిడ బెంగ. మొదటిసారి చదివినప్పుడు ఈ మాట దగ్గర కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాను. రెండోసారి చదివినప్పుడు మాత్రం కొంగు చేతిలో ఉండగానే ఆగిపోయాను. ఆ కోరికలో ప్రేమ ఎంతుందో వంటింటి లెక్కా అంతే ఉంది. పాపం, ఆవిడకి ముందుగా చచ్చిపోవడానికి కూడా తీరుబడి లేదు! రచయితకి ఈ సంగతి తెలుసు, తెలిసే రాశారు. మనమే కన్నీళ్ళ తడిలో దాన్ని చదవకుండా దాటేశాం.

మరి ఆర్నెల్లలో ఏం జరిగిందంటారా? పెద్దగా ఏమీ జరగలేదు. ఒక గేదె వచ్చింది. "ఇంటి పాలు" అన్నది రెండే మాటలు. కానీ వాటి వెనకాల తెల్లవారుజామున లేవడం, పేడ ఎత్తడం, తవుడు కలపడం, కుడితి పెట్టడం, పాలు పితకడం, కాచడం, తోడు వెయ్యడం, చల్ల చిలకడం అని ఎనిమిది పనులున్నాయి. ఇక వేసవిలో కాలవ కట్టేస్తారు. అంతకుముందే చెరువు నింపుకుంటే ఆ నీళ్ళే ఆధారం. తాగడానికి ఇరవై లీటర్ల టిన్ను ప్లాంటు దగ్గర్నుంచి మోసుకోవాలి. పిల్లదాని బడి పన్నెండు కిలోమీటర్ల దూరం. ఏడింటికల్లా బస్సు, అంటే ఆరున్నరకల్లా క్యారేజీ. మావారు సాయంత్రం మీటింగులు అయ్యాక చేలగట్టు మీద నిలబడి సూర్యాస్తమయం ఫోటో తీసి కాలనీ వాళ్ళకి పంపేవారు. ఆ వేళకి నేను పొయ్యి దగ్గర ఉంటాను కాబట్టి, మా ఊరి సూర్యాస్తమయాలన్నీ నేనూ ఫోనులోనే చూశాను.

అలాంటి రోజుల్లో, ఇంకా విప్పని పుస్తకాల పెట్టెలోంచి ఒక పాత ఇంగ్లీషు పుస్తకం బయటపడింది. ఎప్పుడో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక ఆదివారం కొన్నది. పేరు 'ది ఎగ్ అండ్ ఐ'. కోడిగుడ్డూ నేనూ అన్నమాట. రాసినావిడ బెట్టీ మెక్‌డొనాల్డ్. కరెంటు పోయిన మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని మొదలుపెట్టాను. పది పేజీలు చదివేసరికి పడీ పడీ నవ్వుతుంటే, అత్తయ్యగారు లోపల్నుంచి, "ఏమైందే అమ్మాయ్?" అని వచ్చారు.

కథ చెబుతాను. 1920ల చివర. అమెరికాలో సియాటిల్ పట్నంలో పెరిగిన పిల్ల బెట్టీ. ఇన్సూరెన్సు చేసే బాబ్‌ని పెళ్ళాడుతుంది. పెళ్ళయిన కొత్తల్లోనే ఆయన మనసులో మాట బయటపడుతుంది. ఉద్యోగం వద్దు, అడవి పక్కన భూమి కొని కోళ్ళు పెంచాలి. బెట్టీకి తల్లి నేర్పిన నీతి ఒకటుంది. మగవాడికి తన పనిలో సంతోషం ఉండాలి, ఆ సంతోషానికి భార్య తోడు నిలవాలి. (అమ్మలు అమెరికాలో ఉన్నా ఆంధ్రాలో ఉన్నా అమ్మలే సుమండీ!) సరేనని బయల్దేరుతుంది. వాషింగ్టన్ రాష్ట్రం, అంటే వాళ్ళ రాజధాని కాదు, పడమటి తీరాన ఉన్నది. అందులో ఒలింపిక్ ద్వీపకల్పమని ఉంది, కొండలూ అడవులూ ఎడతెగని వానలూ ఉన్న చోటు. కుళాయి లేదు, కరెంటు లేదు. ఇంట్లో ఒక పెద్ద ఇనప పొయ్యి ఉంటుంది. అది ఎంత రాజేసినా వేడెక్కదు. ఆ పొయ్యికి ఆవిడ మనిషికి పెట్టినట్టు పేరు పెట్టి, పగబట్టిన ఆడపడుచు గురించి చెప్పినట్టు చెబుతుంది. తెల్లవారకముందే లేవడం, నీళ్ళు మొయ్యడం, కోడిపిల్లల్ని కనిపెట్టుకుని ఉండడం, కూరలూ పళ్ళూ సీసాల్లోకి ఎక్కించడం. చివరికి ఆవిడకి కోడి అన్న మాటంటేనే కంపరం పుడుతుంది.

బాబ్ చెడ్డవాడు కాడు. ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన నేర్పు అదే. బాబ్ పనిమంతుడు, పొద్దస్తమానం ఒళ్ళొంచి పాటుపడతాడు. ఏ పని పట్టినా చక్కగా చేస్తాడు. అయితే ఆ పని ఆయన కలగన్న పని. భార్య చేసేది, ఆయన కలని నడిపించే పని. ఇద్దరూ సమానంగా అలిసిపోతారు. కానీ అలసట తీరాక ఆయనకి తృప్తి మిగులుతుంది, ఆవిడకి మర్నాడు మిగులుతుంది. ఈ తేడాని బెట్టీ ఒక్కసారి కూడా ఉపన్యాసంగా చెప్పదు. నవ్విస్తూ చెబుతుంది. ఉపన్యాసమైతే మగవాళ్ళు చదివేవారు కాదు.

1945లో ఆ పుస్తకం వచ్చింది. ఏడాది తిరక్కుండా పది లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. 1947లో క్లాడెట్ కోల్బర్ట్, ఫ్రెడ్ మెక్‌మరే నటించిన సినిమా వచ్చింది. యుద్ధం అప్పుడే ముగిసింది. జనం నవ్వడానికి మొహం వాచి ఉన్నారు, అందుకే అంత అమ్ముడుపోయిందని అంటారు. అది నిజమే కావచ్చు. కానీ, పల్లె బతుకు స్వర్గమని చెప్పే పుస్తకాల మధ్య, ఆ స్వర్గంలో నీళ్ళెవరు మోశారో ఒకావిడ చెప్పింది. నన్నడిగితే అసలు కారణం అది.

ఆవిడ ఊరిని ద్వేషించిందని మాత్రం అనుకోకండి. కొండలూ, తీరంలో దొరికే ఆల్చిప్పలూ, తోటలో పండే పంటా, వీటి గురించి రాసేటప్పుడు ఆవిడకి నోరూరుతుంది, మనకీ ఊరిస్తుంది. పల్లెటూరు మంచిదా చెడ్డదా అన్నది ఈ పుస్తకంలో గొడవే కాదు. "నీకిష్టమేనా?" అని ఎవరైనా అడిగారా, అన్నది గొడవ. నా గొడవా అదేనని ఆ అరుగు మీదే నాకు తెలిసింది. మావారు నన్ను బలవంతాన తీసుకురాలేదు. అడగలేదు, అంతే. నేనూ చెప్పలేదు. ఇద్దరం 'మిథునం' చదివి, చెప్పుకున్నామనే అనుకున్నాం.

ఇంతదాకా మెచ్చుకున్నాను. ఇక ఒకచోట పుస్తకాన్ని మూసేసి చాలాసేపు తెరవబుద్ధి కాలేదు, అదీ చెప్పాలి. బెట్టీ ఇరుగుపొరుగువాళ్ళని రాసిన తీరు అది. ఒక పక్క హిక్స్ కుటుంబం. ఆవిడకి శుభ్రం పిచ్చి. ఇంకోపక్క కెటిల్ కుటుంబం. చిందరవందర ఇల్లు, ఇంటినిండా పిల్లలు, ఎప్పుడూ ఏదో ఒకటి అరువడిగే ఇంటాయన. వాళ్ళని చూసి నవ్వకుండా ఉండలేం. సినిమాలో వాళ్ళు ఎంత పేలారంటే, తర్వాత ఆ మొగుడూపెళ్ళాల పేరుతోనే వరసగా సినిమాలు తీశారు. కానీ ఆ నవ్వులో ఎక్కువపాలు పట్నం పిల్ల పైనుంచి కిందికి చూసిన నవ్వు. ఆ ప్రాంతపు ఆదివాసుల గురించి రాసిన పేజీలైతే నవ్వు కూడా కాదు, ఉత్త ఏహ్యం. తరతరాలుగా ఆ నేల మీద బతుకుతున్నవాళ్ళని గురించి నిన్నగాక మొన్న వచ్చిన మనిషి మాట్లాడే మాటలు కావవి. ఆనాటి రోజులు అలాంటివి అని సర్దిచెప్పేవాళ్ళున్నారు. నేను సర్దుకోలేకపోయాను. తన చాకిరీ ఎవరూ చూడలేదని మొరపెట్టుకున్న ఆడది, పక్కింటి ఆడదాని చాకిరీ తాను చూడలేదు. పుస్తకానికి అదే పెద్ద లోపం. ఆ కెటిల్ కుటుంబం మేమేనని అక్కడివాళ్ళు కొందరు కోర్టుకెక్కారు. 1951లో విచారణ జరిగింది, తీర్పు బెట్టీ పక్షానే వచ్చింది. కోర్టు సంగతి కోర్టుది. చదివేవాళ్ళ తీర్పు వేరు.

ఈ తీర్పు చెప్పే హక్కు నాకుందా? లేదు. అందుకే పుస్తకం మూశానన్నాను. మా పక్కింటావిడ పిలవకుండా వస్తుంది, గిన్నె మీద మూత తీసి చూస్తుంది, "మీ ఆయనకి నెలకెంతొస్తది?" అని అడుగుతుంది. ఆవిడ గొంతు అనుకరిస్తూ మా చెల్లెలికి ఫోనులో రికార్డు చేసి పంపేదాన్ని. చెల్లెలు విరగబడి నవ్వేది, ఇంకా పంపమనేది. నేను కాయితం మీద పెట్టలేదుగానీ, నాదీ ఒక 'కోడిగుడ్డూ నేనూ' పుస్తకమే.

పుస్తకం చదవడానికి పదిహేను రోజుల ముందు మా గేదె ఈనలేక అవస్థ పడింది. అర్ధరాత్రి, పైన వాన. మావారు ఫోను పట్టుకుని పశువుల డాక్టరు నంబరు వెతుకుతున్నారు. నేను చూరు కింద నిలబడి వణుకుతున్నాను. పక్కింటావిడ ఎవరూ పిలవకుండానే వచ్చింది. గిన్నె మూత తీసినట్టే, అంత చనువుగానూ. చీర ఎగగట్టి బురదలో కూర్చుంది. తెల్లారేసరికి దూడ నిలబడింది. ఆవిడ చేతులు కడుక్కుని, "టీ చుక్క ఉంటే పొయ్యమ్మా, నాట్లకి పోవాల" అంది. అది ఆషాఢమాసం. రోజంతా మోకాలి లోతు బురదలో వంగడానికి వెళ్ళిపోయింది. మనం చూసే పచ్చటి చేను ఆ నడుముల మీదే పచ్చబడుతుంది. ఈ సంగతి నాకు సినిమాలూ చెప్పలేదు, 'మిథునం' పెరడూ చెప్పలేదు, బెట్టీ కూడా చెప్పలేదు. ఆవిడ పేజీలు చదువుతూ చెల్లెలికి పంపినవన్నీ తుడిచేశాను. చెల్లెలి ఫోనులోంచి ఎలా తుడవాలో మాత్రం ఇంకా తెలియలేదు.

పుస్తకం చివర బాబ్ ఊరికి దగ్గర్లో, కరెంటూ కుళాయిలూ ఉన్న ఇంకో కోళ్ళ ఫారం చూస్తాడు. కథ నవ్వుతూనే ముగుస్తుంది. బతుకు అలా ముగియలేదు. 1931లో బెట్టీ ఇద్దరు ఆడపిల్లల్నీ తీసుకుని సియాటిల్‌లో పుట్టింటికి వచ్చేసింది. తర్వాత విడాకులయ్యాయి. ఉద్యోగాలు చేసింది, క్షయ వస్తే శానటోరియంలో ఉంది, 1942లో మళ్ళీ పెళ్ళి చేసుకుంది. పుస్తకం రాసింది ఆ తర్వాతే. అంటే మనం చదివి నవ్వినదంతా, విడిపోయిన పెళ్ళి గురించి పదిహేనేళ్ళ తర్వాత ఒకావిడ తల్చుకుని రాసిన మాట. ఇది తెలిశాక మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళి చూడండి, ఆ హాస్యం కింద ఎంత నిబ్బరం ఉందో కనిపిస్తుంది. ఆ చివరి నిజం పుస్తకంలోనే చెప్పి ఉంటే ఇంకా గొప్ప పుస్తకమయ్యేదా? అయ్యేదనే నేననుకుంటాను. కానీ 1945లో విడాకుల పుస్తకాన్ని పది లక్షలమంది ఇంటికి తీసుకెళ్ళేవారు కాదేమో.

పుస్తకం మావారి చేతికిచ్చాను. మూడు రోజులు చదివారు, బాగా నవ్వారు కూడా. నాలుగో రోజు భోజనాల దగ్గర, "ఇంతకీ ఆ బాబ్ ఏమయ్యాడు?" అన్నారు. ఆవిడ పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయిందని చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. మజ్జిగ పోసుకోబోయి ఆగి, "నువ్వు?" అన్నారు.

పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఆయన నన్నడిగిన ప్రశ్నల్లో అంత చిన్నదీ, అంత అవసరమైనదీ ఇంకోటి లేదు. నాకు తెలిసిన జవాబు చెప్పాను. అత్తయ్యగారిని వదిలి వెళ్ళాలని లేదు. పిల్లాడు కాలవలో ఈత నేర్చుకున్నాడు, వాణ్ణి మళ్ళీ లిఫ్టులో ఎక్కించాలని లేదు. కానీ పిల్లదాని పదో క్లాసు అయ్యాక చదువు సంగతి మళ్ళీ మాట్లాడుకోవాలి. టౌన్లో బళ్ళో నాకు ఉద్యోగం దొరికితే నేను చేరతాను. గేదె ఉండాలంటే మాత్రం అది మీ గేదె. ఈ మాటలన్నీ లారీ ఎక్కకముందు అనాల్సినవి. ఆలస్యంగానైనా అన్నాను. అత్తయ్యగారు తలెత్తకుండా అన్నం కలుపుతూ, "నన్నయితే ఆ మాత్రం కూడా ఎవరూ అడగలేదు" అన్నారు. ఆ పూట మాలో ఎవరికీ మళ్ళీ మాట రాలేదు.

ఊరికి తిరిగొచ్చే కథలు మన భాషలో ఇంకా వస్తాయి. రావాలి కూడా. కానీ ఇకమీదట అలాంటి కథ చేతికొస్తే నేను ముందు రెండు సంగతులు చూస్తాను. ఇంటావిడని అడిగారా? పక్కింటావిడ కనిపించిందా? అప్పదాసు కథ మనకి దొరికింది, చాలా గొప్పగా దొరికింది. బుచ్చిలక్ష్మి తన చేత్తో తాను రాసుకున్న కథ మాత్రం ఇంకా రాలేదు. మా అత్తయ్యగారు రాస్తే ఎలా ఉంటుందా అని ఈమధ్య ఆలోచిస్తున్నాను. మీ ఇంట్లోనూ అలాంటివాళ్ళుంటే కాస్త కలం చేతికిచ్చి చూడండి.

గేదె సంగతంటారా? ఇప్పుడు మావారే పితుకుతున్నారు. ఆయన చేతికి అది ఇంకా సరిగ్గా చేపడం లేదు. పాలు సగమే వస్తున్నాయి. మేం కాఫీలు తగ్గించుకున్నాం.